బంగారు కలం

మొగలు చక్రవర్తుల కాలంనాటి వ్రాతప్రతులు లోకప్రసిద్ధమైనవి. ఆ మాట వినగానే మనకు రంగుల చిత్రాలు స్ఫురిస్తాయి. రాజసభలు, వేటలు, యుద్ధాలు, పూలతోటలు జీవకళ ఉట్టిపడేటట్లు చిత్రించిన పుటలు కళ్ల ముందు నిలుస్తాయి. కాని ఆ గ్రంథాలను ఆదరించిన ఆనాటి రసికుల దృష్టిలో చిత్రం కంటె అక్షరానిదే అగ్రస్థానం. చిత్రం ఒక ఘట్టాన్ని చూపుతుంది. అక్షరం పూర్వుల జ్ఞానాన్ని రాబోయే తరాలకు చేరవేస్తుంది. అందువల్ల పుటను నిర్మించే పనిలో మొదటి చేయి లేఖకునిది. మిగిలిన వారందరూ అతడు ఏర్పరచిన హద్దులలో తమ నేర్పు చూపేవారు. అటువంటి లేఖకులలో అగ్రగణ్యుడు మహమ్మద్ హుసేన్ కాశ్మీరీ. అక్బరు చక్రవర్తి ఆయనకు ‘జర్రీన్ కలం’ అనే బిరుదునిచ్చి గౌరవించాడు. ఆ మాటకు ‘బంగారు కలం’ అని అర్థం.

పేరులోని కాశ్మీరీ అనే మాటే ఆయన స్వస్థలాన్ని తెలుపుతున్నది. కాశ్మీరం ఆనాటికే విద్యలకు, హస్తకళలకు పేరు పొందిన సీమ. 1420 నుండి 1470 వరకు పాలించిన సుల్తాను జైనుల్ అబిదీన్ సమర్‌ఖండ్ నుండి నిపుణులను రప్పించి అక్కడ కాగితపు పరిశ్రమను నెలకొల్పాడని ప్రతీతి. నునుపుకూ మన్నికకూ పేరెన్నికగన్న కాశ్మీరపు కాగితం దూరదేశాలకు సైతం ఎగుమతి అయ్యేది. కాగితం ఉన్నచోట కలం ఉంటుంది. కలం ఉన్నచోట దానిని నడిపే గురువులు ఉంటారు. మహమ్మద్ హుసేన్ మౌలానా అబ్దుల్ అజీజ్ అనే గురువు వద్ద లేఖనకళను అభ్యసించాడు. శిష్యుడు గురువును మించినవాడయ్యాడని అక్బరు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ తన ‘అయినీ అక్బరీ’లో పేర్కొన్నాడు.

ఆయన సాధించిన లిపి పేరు నస్తాలీఖ్. నస్ఖ్, తాలీఖ్ అనే రెండు లిపుల పేర్లు కలిసి ఆ పేరు ఏర్పడింది. పారశీక కావ్యాలను వ్రాయడానికి ఈ లిపి మిక్కిలి అనువైనదిగా భావించేవారు. ఇందులో నిటారు గీతలు దాదాపు కనిపించవు. అక్షరాలన్నీ వంపులు తిరిగి, కుడి నుండి ఎడమకు సాగుతూ, పై నుండి కొంచెం క్రిందికి వాలుతూ ఉంటాయి. కొండవాలున జారే సెలయేటి నడక ఆ వరుసలలో కనిపిస్తుంది. చూడడానికి స్వేచ్ఛగా కనిపించినా ఆ నడక వెనుక కఠినమైన నియమం ఉన్నది. రెల్లు కలాన్ని ఏటవాలుగా చెక్కి, దాని మొనతో కాగితం మీద ఒక చుక్క పెడతారు. ఆ చుక్కయే కొలబద్ద. ఏ అక్షరం ఎన్ని చుక్కల పొడవుండాలో, ఏ వంపు ఎన్ని చుక్కల లోతుండాలో గురుముఖంగా నేర్చుకోవలసిందే. నేర్చుకున్నదానిని వేలసార్లు వ్రాసి చేతికి అలవాటు చేసుకోవలసిందే. వ్రాసిన కాగితం మీదనే మరల మరల వ్రాయగా అది నల్లబడిపోయేది. అందుకే ఆ అభ్యాసానికి ‘సియాహ్ మష్క్’, అనగా నల్లని సాధన అని పేరు వచ్చింది.

అక్బరు 1586లో కాశ్మీరాన్ని తన సామ్రాజ్యంలో కలుపుకున్నాడు. అంతకు ముందే మహమ్మద్ హుసేన్ అక్బరు రాజధాని అయిన ఫతేపూర్ సిక్రీకి చేరుకొని, చక్రవర్తి గ్రంథాలయానికి పనిచేస్తున్నాడు. స్వదేశం సామ్రాజ్యంలో చేరకముందే ఆయన కలం ఆ సామ్రాజ్యంలో స్థానం సంపాదించుకున్నదన్నమాట.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఆ గ్రంథాలను వ్రాయించిన అక్బరు స్వయంగా చదవడం నేర్చుకోలేదని చరిత్రకారులు చెబుతారు. కాని అతని విద్యాతృష్ణ అపారమైనది. ప్రతిదినమూ పండితులు గ్రంథాలను తెచ్చి అతనికి చదివి వినిపించేవారు. ఏ గ్రంథాన్నయినా మొదటి నుండి చివరి వరకు వినడం అతని నియమం. ఆనాటి పఠనం ఎక్కడ ఆగితే అక్కడ చక్రవర్తి తన చేతితో కలం పట్టి ఒక గుర్తు పెట్టేవాడు. చదివిన పుటల లెక్కను బట్టి చదివినవారికి బంగారమో వెండియో బహూకరించేవాడు. ఈ వివరాలన్నీ అబుల్ ఫజల్ వ్రాసినవే. అలా విన్న గ్రంథాలలో సాదీ వ్రాసిన గులిస్తాన్, జామీ రచనలు, అమీర్ ఖుస్రో కావ్యాలు ఉన్నాయి. జర్రీన్ కలం చేతి మీదుగా వెలువడిన సుప్రసిద్ధ ప్రతులు సరిగా ఈ ముగ్గురు కవులవే కావడం గమనార్హం.

దీనిని బట్టి లేఖకుని బాధ్యత ఎంతటిదో ఊహించవచ్చు. ప్రభువు సన్నిధిలో చదివేవాని కన్ను వరుస నుండి వరుసకు తడబడకుండా సాగాలి. ఒక్క చుక్క చోటు తప్పినా పారశీకంలో ఒక మాట మరొక మాటగా మారిపోతుంది. అదే సమయంలో, చదవకపోయినా చూసి ఆనందించగల ప్రభువు కంటికి ఆ పుట కనువిందు చేయాలి. చెవికి చేరవలసిన అర్థానికి, కంటికి చేరవలసిన అందానికి ఒకే కలం బాధ్యత వహించింది.

అక్బరు పాలన తొలినాళ్లలో పుట స్వరూపం వేరుగా ఉండేది. 1562 ప్రాంతంలో ఆరంభమై సుమారు పదిహేనేండ్లు సాగిన ‘హంజానామా’ ఆనాటి మహాప్రయత్నం. అందులో దాదాపు 1,400 చిత్రాలు ఉండేవి. గుడ్డ మీద పెద్ద పెద్ద చిత్రాలు వేసి, వాటి వెనుక వైపున కథను వ్రాసిన కాగితం అతికించేవారు. ఆ అమరికలో చిత్రం ఒక వైపున, అక్షరం మరొక వైపున ఉండేవి. తరువాతి కాలంలో అక్బరు అభిరుచి చిన్నవైన, సుకుమారమైన కావ్యప్రతుల వైపు మళ్లింది. ఒడిలో ఉంచుకొని ఒక్కొక్క పుటనే ఆస్వాదించదగిన గ్రంథాలు తయారయ్యాయి. వాటిలో అక్షరం, చిత్రం, అంచు ఒకే పుటలో ఒదిగి ఒకదానికొకటి శోభ కూర్చాయి. ఈ మార్పును సాధ్యం చేసిన లేఖకులలో మహమ్మద్ హుసేన్ ముఖ్యుడు.

అట్టి పుట తయారయ్యే తీరు ఆసక్తికరమైనది. ముందుగా కాగితానికి గంజి పట్టించి ఆరబెట్టేవారు. తరువాత నున్నని రాతితో రెండువైపులా రుద్ది మెరుగుపెట్టేవారు. ఆ పైన ‘మిస్తర్’ అనే సాధనం ఉపయోగించేవారు. అది దారాలు బిగించి కుట్టిన ఒక గట్టి అట్ట. దాని మీద కాగితాన్ని ఉంచి వ్రేలితో ఒత్తితే దారాల జాడలు సన్నని గాడులుగా ఏర్పడతాయి. సిరా చుక్క కూడా పడకుండానే పుట అంతటా వరుసలు సిద్ధమవుతాయి. ఎన్ని వరుసలు, ఎంత వెడల్పు, అంచుకు ఎంత చోటు అన్నవన్నీ ఆ దశలోనే నిర్ణయమయ్యేవి. మసి, తుమ్మజిగురు కలిపి చేసిన నల్లని సిరాతో లేఖకుడు వ్రాత ప్రారంభించేవాడు.

మస్నవీ అనే కథాకావ్యాలను పుటకు రెండు గాని నాలుగు గాని నిలువు వరుసలుగా వ్రాయడం పరిపాటి. ఏ పద్యం దగ్గర చిత్రం రావాలో ముందుగానే తెలుసుకొని, అక్కడికి సరిగా ఖాళీ వదలడం లేఖకుని పని. చిత్రం రావలసిన పుటకు ముందు పద్యాలు తక్కువైతే వాటిని ఏటవాలుగా వ్రాసి చోటు నింపేవారు. అట్లు చేయడం వల్ల కథలోని ఘట్టమూ చిత్రమూ ఒకే చోట కలిసేవి. పుట అడుగున తరువాతి పుటలోని మొదటి మాటను చిన్నగా వ్రాసి ఉంచేవారు. ఆకుల క్రమం తారుమారు కాకుండా కాపాడేది ఆ ఒక్క మాటయే. లేఖకుడు పని ముగించిన తరువాతనే చిత్రకారుడు కుంచె పట్టేవాడు. ఆపైన స్వర్ణలేపనం చేసేవారు, గీతలు గీసేవారు, అంచులను అలంకరించేవారు, చివరకు జిల్దు కట్టేవారు తమ తమ పనులు పూర్తి చేసేవారు. ఇంతమంది శ్రమ లేఖకుడు వేసిన తొలి లెక్క మీద ఆధారపడి ఉండేది. ఆ లెక్క తప్పితే ఎంతటి చిత్రకారుడైనా ఆ పుటను చక్కదిద్దడం కష్టమే.

1582 ప్రాంతంలో ఫతేపూర్ సిక్రీలో మహమ్మద్ హుసేన్ గులిస్తాన్ గ్రంథానికి ప్రతి వ్రాశాడు. సాదీ ఆ గ్రంథాన్ని 1258లో రచించాడు. కథలు, నీతులు, పద్యాలు కలగలిసిన ఆ రచన పారశీకం నేర్చుకునేవారికి ప్రాథమిక పాఠ్యగ్రంథం వంటిది. ఈ ప్రతి చివరి భాగంలో ఒక అపురూప దృశ్యం ఉన్నది. గ్రంథం ముగిసినట్లు తెలిపే చోట లేఖకుని చిత్రం, అతనికి ఎదురుగా ఒక యువ చిత్రకారుని చిత్రం కనిపిస్తాయి. ఆ లేఖకుడు మహమ్మద్ హుసేన్. ఆ యువకుడు సుప్రసిద్ధ చిత్రకారుడు బసావన్ కుమారుడైన మనోహర్. చిత్రించినవాడూ మనోహరే. రాజుల రూపాలు చిత్రించే కాలంలో పుస్తకాన్ని తయారు చేసినవారి రూపాలకు పుస్తకంలోనే చోటు దక్కింది. పేరుపొందిన లేఖకుడు, ఎదుగుతున్న పిన్నవయస్కుడు ఎదురెదురుగా కూర్చున్న ఆ దృశ్యంలో అక్షరమూ చిత్రమూ పరస్పరం గౌరవించుకున్నట్లు తోస్తుంది.

1585లో అక్బరు తన నివాసాన్ని లాహోరుకు మార్చాడు. 1598 వరకు అక్కడనే ఉన్నాడు. మొగలు కావ్యప్రతులలో మేలిరకమైనవి అనేకం ఆ కాలంలోనే వెలువడ్డాయి. 1595లో జర్రీన్ కలం అక్కడ జామీ రచన అయిన ‘బహారిస్తాన్’కు ప్రతి వ్రాశాడు. గులిస్తాన్‌ను ఒరవడిగా తీసుకొని జామీ ఆ గ్రంథాన్ని రచించాడు. దానికి చిత్రాలు వేసినవారిలో బసావన్, మిస్కిన్ వంటి ఉద్దండులు ఉన్నారు. పూర్వం కుమారుడు తన రూపాన్ని చిత్రించగా, ఇప్పుడు ఆ తండ్రి తన అక్షరాల ప్రక్కన చిత్రం రచించాడు.

1597–98లో ఆయన అమీర్ ఖుస్రో ‘ఖమ్సా’కు ప్రతి వ్రాశాడు. ఖమ్సా అనగా ఐదు కావ్యాల సంపుటి. అమీర్ ఖుస్రో 1253లో జన్మించి 1325లో ఢిల్లీలో మరణించిన భారతీయ పారశీక కవి. ఈ ప్రతికి పనిచేసిన చిత్రకారులలో లాల్, మిస్కిన్, ముకుంద్, ధర్మదాస్, సూర్‌దాస్ గుజరాతీ మొదలైన వారి పేర్లు కనిపిస్తాయి. వారిలో మనోహర్ పేరు కూడా ఉన్నది. పదిహేనేండ్ల క్రిందట గులిస్తాన్ చివరి పుటలో గురుతుల్యుని ఎదుట కూర్చున్న యువకుడు ఇప్పుడు అదే లేఖకుని గ్రంథంలో ప్రముఖ చిత్రకారుల సరసన స్థానం పొందాడు. హుసేన్ నక్కాష్, మన్సూర్ నక్కాష్, ఖ్వాజా జాన్ షీరాజీ, లుత్ఫుల్లా ముజహ్హిబ్ అనేవారు బంగారు అలంకరణ పనిని నిర్వహించారు. హిందువులు, ముస్లిములు, స్థానికులు, ఇరాను నుండి వచ్చినవారు ఒకే గ్రంథం కోసం పరిశ్రమించారు. వారందరి పనికి ఆధారమైన పుటను గీసి ఇచ్చినది జర్రీన్ కలం చేయి.

ఆ ఆస్థానంలో ఉత్తమ లేఖకులకు కొదవ లేదు. అబ్దుర్రహీం అనే లేఖకునికి ‘అంబరీన్ కలం’, అనగా అంబరు పరిమళం గల కలం అనే బిరుదు లభించింది. నిజామీ ‘ఖమ్సా’కు 1593–95 మధ్య ప్రతి వ్రాసినది ఆయనయే. అయినా అబుల్ ఫజల్ లేఖకులను ప్రస్తావించినప్పుడు మహమ్మద్ హుసేన్‌కు ప్రత్యేక స్థానమిచ్చాడు. అక్షరాల సాగుదలకూ వాటి వంపులకూ నడుమ ఆయన చూపిన పొందికను కొనియాడాడు. కళాభిజ్ఞులు ఆయనను హెరాత్‌కు చెందిన మీర్ అలీతో సమానునిగా పరిగణిస్తున్నారని తెలిపాడు. మీర్ అలీ వ్రాసిన విడి పుటలను ఆనాటి ప్రభువులు రత్నాలవలె సేకరించేవారు. అటువంటి మహనీయునితో పోల్చడం కంటె లేఖకునికి గొప్ప ప్రశంస లేదు.

1605లో అక్బరు మరణించాడు. అతని కుమారుడు జహంగీరు సింహాసనం అధిష్ఠించాడు. పెద్ద పెద్ద కావ్యప్రతుల కంటె విడి చిత్రాల మీద, విడి అక్షరఫలకాల మీద అతనికి మక్కువ ఎక్కువ. వాటిని అంచులతో అలంకరించి ‘మురక్కా’ అనే సంపుటాలుగా కూర్పించాడు. ఆ సంపుటాలలో చిత్రాలున్న రెండు పుటలు ఎదురెదురుగా ఉంటాయి. పుట త్రిప్పితే అక్షరాలున్న రెండు పుటలు ఎదురెదురుగా కనిపిస్తాయి. అభిరుచులు మారినా జర్రీన్ కలం గౌరవం తగ్గలేదు. తన కాలపు లేఖకులలో శ్రేష్ఠుడైన మహమ్మద్ హుసేన్‌కు ఏనుగును బహూకరించినట్లు జహంగీరు స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. ఏనుగు సాధారణంగా సేనానులకు, సామంతులకు లభించే బహుమానం. రెల్లుపుల్లను ఆయుధంగా చేసుకున్నవానికి ఆ గౌరవం దక్కింది. ఇద్దరు చక్రవర్తుల ఆదరణ పొందిన మహమ్మద్ హుసేన్ 1611–12 ప్రాంతంలో కన్నుమూశాడు.

ఆయన వ్రాసిన గ్రంథాలు కాలక్రమంలో దేశాంతరాలకు చేరాయి. గులిస్తాన్ ప్రతి లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీకి చెందినది. బహారిస్తాన్ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నది. అమీర్ ఖుస్రో ఖమ్సా అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో వాల్టర్స్ మ్యూజియంకు చేరింది. దాని నుండి విడిపోయిన ఎనిమిది చిత్రాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకే గ్రంథంలో కలిసి పనిచేసినవారి శ్రమ రెండు నగరాల మధ్య పంచబడింది. విడిపోయినవి చిత్రాలే కావడం ఆలోచింపదగినది. తరువాతి కాలంలో సేకర్తలకు బొమ్మ మీద ఉన్న ఆసక్తి అక్షరం మీద లేకపోయింది. అనేక వ్రాతప్రతుల నుండి చిత్రాలను వేరుచేసి అమ్మినవారు ఉన్నారు. ఏ అక్షరాల కోసం గ్రంథం పుట్టిందో ఆ అక్షరాలే వెనుకబడిపోయాయి.

అయితే లేఖకుల సంప్రదాయం అంతటితో అంతరించలేదు. నస్తాలీఖ్ అక్షరాల వంపులను లోహపు అచ్చులలో ఇమిడించడం కష్టసాధ్యమైంది. అందువల్ల ఇరవైయవ శతాబ్దపు చివరి దశకాల వరకు ఉర్దూ పత్రికలను, పుస్తకాలను కాతిబులు చేతితో వ్రాయగా, ఆ వ్రాతనే అచ్చువేసేవారు. హైదరాబాదులోనూ ఈ వృత్తి మీద ఆధారపడిన కుటుంబాలు ఉండేవి. 1981లో లాహోరులో నస్తాలీఖ్ కంప్యూటర్ అక్షరాలతో పత్రిక వెలువడిన తరువాత ఆ వృత్తి క్రమంగా క్షీణించింది. మనం తెలుగులో నిత్యం వాడే కలం, కాగితం, జిల్దు అనే మాటలు అరబ్బీ, పారశీ భాషల నుండి వచ్చినవే. ఆ మాటలు పలికినప్పుడల్లా, తెలియకుండానే మనం ఆ లేఖకుల కార్యశాలలను స్మరిస్తున్నాం.

మహమ్మద్ హుసేన్ కాశ్మీరీ స్వయంగా కావ్యాలు రచించి కీర్తి పొందినవాడు కాడు. జీవితమంతా ఇతరుల మాటలనే వ్రాశాడు. సాదీ మాటలను, జామీ మాటలను, ఖుస్రో మాటలను ఒక్క చుక్క కూడా చెదరకుండా రాబోయే తరాల చేతికి అందించాడు. తనదిగా చెప్పుకోదగినది ప్రతి చివర వ్రాసుకున్న పేరు మాత్రమే. కాని పైకెత్తిన ప్రతి గీతలోను, సాగిన ప్రతి వంపులోను ఆయన సాధన నిలిచి ఉన్నది. నాలుగు శతాబ్దాలు గడిచినా ఆ సిరా నలుపు వెలవెలబోలేదు. బంగారు కలం అనే బిరుదు ఇచ్చినవాడు చక్రవర్తి. ఆ బిరుదుకు అర్హత సంపాదించినది మాత్రం కాగితాన్ని నల్లబరచిన వేలాది గంటల అభ్యాసం. మొగలు పుటను చూసే భాగ్యం కలిగినప్పుడు రంగుల మీద నుండి చూపు మరల్చి, ఆ నల్లని వరుసల వెంట కూడా ఒకసారి నడవడం ఆ మహాలేఖకునికి మనం చెల్లించగల నివాళి.